అమ్మకు పళ్లు పెట్టించే ముందు

సంక్రాంతికి ముందు లాల్‌దర్వాజాలోనో, ఉప్పుగూడలోనో ఏదో ఒక ఇంటికి వెళ్లి చూడండి. హాల్లో తెల్లటి గుడ్డ పరిచి ఇంటి పెద్దావిడ సకినాలు చుడుతూ ఉంటుంది. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, వేళ్ల కొసలతో వరుస మీద వరుస తిప్పడం ఆమెకు కళ్లు మూసుకుని చేసే పని. కాల్చి తీయగానే పిల్లలు కరకరలాడిస్తారు. ఆమె మాత్రం ఒక ముక్కను చాయ్‌లో వేసి, మెత్తబడ్డాక నోట్లో పెట్టుకుంటుంది. అదేమని అడిగితే ‘నాకంత ఇష్టం లేదులే’ అంటుంది. ఇష్టం లేక కాదు, పళ్లు లేక.

ఇలాంటి సర్దుబాట్లు మన ఇళ్లలో మనకు తెలియకుండానే జరిగిపోతుంటాయి. రంజాన్ నెలలో హలీం మెత్తగా ఉంటుంది కాబట్టి నాన్న తింటారు. నాన్‌తో పాయా తెస్తే పాయా తాగి నాన్ పక్కన పెడతారు. జొన్నరొట్టె పప్పులో నానాలి, జామకాయ కోసి పెట్టినా పళ్లెం అలాగే తిరిగొస్తుంది. మెల్లగా మాంసం, పచ్చి కూరగాయలు, పండ్లు తగ్గి చాయ్, బిస్కెట్, మెత్తటి అన్నం మిగులుతాయి. మధుమేహం ఉన్న పెద్దవాళ్లకు ఇది ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఒకరోజు పిల్లలు నిర్ణయానికి వస్తారు. ‘ఈసారి అమ్మకు ఫిక్స్‌డ్ పళ్లు పెట్టిద్దాం’ అని. ఆ మాట అన్నాక ఫోన్ తెరిస్తే చాలు, ప్రకటనలు వరస కడతాయి. మూడు రోజుల్లో నోరంతా కొత్త పళ్లు, సులభ వాయిదాలు, ఈ నెలాఖరు వరకే తగ్గింపు. అమ్మాయి పెళ్లికి దాచినదో, రిటైర్మెంట్‌లో వచ్చినదో ఆ డబ్బు. పెట్టాక వెనక్కి రాదు. పీకిన పన్నూ వెనక్కి రాదు.

ఇంప్లాంట్లు వద్దని మేం చెప్పడం లేదు. నమ్మదగిన వైద్యం అది. కాకపోతే క్లినిక్‌లో కూర్చోగానే మనం అడిగే మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీ? ఎంతవుతుంది?’ అని. అది నాలుగో ప్రశ్న కావాలి. దానికి ముందు మూడున్నాయి. నిజంగా పీకాల్సిన పళ్లు ఎన్ని? ఈ ఒంటికి, ఈ ఎముకకు ఇంప్లాంట్ సరిపోతుందా? ఎన్ని ఇంప్లాంట్లు, దేనికోసం? ఈ వరసలో వెళ్తే డబ్బూ మిగులుతుంది, నోరూ మిగులుతుంది.

ఎముకతో కలిసిపోయే లోహం

ముందు అసలు ఇంప్లాంట్ అంటే ఏమిటో చూద్దాం. చాలామంది దాన్ని పన్ను అనుకుంటారు. అది పన్ను కాదు, వేరు. టైటానియంతో చేసిన చిన్న మర. దవడ ఎముకలో బిగిస్తే కొన్ని నెలల్లో ఎముక దాని చుట్టూ పెరిగి గట్టిగా పట్టేస్తుంది. ఆ తర్వాత దానిమీద పళ్లు అమరుస్తారు.

ఈ గుణం బయటపడింది అనుకోకుండానే. స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ల ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి టైటానియం గొట్టం అమర్చారు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో ఆయన తొలిసారి ఒక మనిషికి ఇంప్లాంట్లు పెట్టారు. దవడ సమస్యతో సరిగా తినలేక బాధపడుతున్న గోస్టా లార్సన్ అనే స్వీడన్ వాసి ఆయన. 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు దాటి, ఆ ఇంప్లాంట్లు ఆయన నోట్లో పనిచేశాయి.

ఈ ఉదంతంలో మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇంప్లాంట్‌ను నిలబెట్టేది మర కాదు, దాని చుట్టూ ఉన్న ఎముక, చిగురు. ఆ ఎముకను పాడుచేసేది ఏదైనా సరే ఇంప్లాంట్‌నూ పాడుచేస్తుంది. చిగుళ్ల జబ్బు, అదుపులో లేని షుగర్, పొగాకు, సరిగా కడగని నోరు... ఇవన్నీ అందుకే ముఖ్యం.

మొదటి ప్రశ్న: పీకాల్సినవి ఎన్ని?

నోరంతా ఇంప్లాంట్లు అనే మాట వినడానికి శుభ్రంగా ఉంటుంది. దాని వెనుక ఇంకో మాట దాగి ఉంటుంది. ఉన్న పళ్లన్నీ తీసేయాలని. నోట్లో ఒక్క పన్నూ లేనివారికి ఆ ఇబ్బంది లేదు. పది, పన్నెండు పళ్లు మిగిలినవారికి మాత్రం అసలు నిర్ణయం అక్కడే ఉంది.

కదిలే పళ్లన్నీ పనికిరానివి కావు. చిగుళ్ల కింద పేరుకున్న గార తీసి, చిగుళ్లకు వైద్యం చేస్తే కొన్ని మళ్లీ కుదురుకుంటాయి. పుచ్చు లోతుకు దిగినా రూట్ కెనాల్‌తో నిలిచే పళ్లుంటాయి. కింది దవడ ముందు భాగంలో నాలుగు గట్టి పళ్లు మిగిలి ఉంటే, వాటి ఆసరాతోనే తీసి పెట్టుకునే పాక్షిక సెట్టు చేయించుకుని ఏళ్ల తరబడి హాయిగా తినేవాళ్లున్నారు. సహజమైన వేరు చుట్టూ ఉండే సన్నటి పొర ఒత్తిడిని గుర్తిస్తుంది. అన్నంలో రాయి తగిలితే చటుక్కున నమలడం ఆపేది దానివల్లే. ఇంప్లాంట్‌కు ఆ పొర ఉండదు.

నల్లగొండ వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ కుటుంబాలకు ఇంకో మాట. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు రావడం మనకు తెలిసిందే. మచ్చ ఉన్నంత మాత్రాన పన్ను పోయినట్టు కాదు. చూడటానికి బాగాలేదంటే దానికి వేరే వైద్యం ఉంది. మచ్చ చూసి పీకించుకోకండి.

కాబట్టి డాక్టరు గారిని ఒక్కో పన్ను చూపించి అడగండి. ‘ఇది ఎందుకు తీయాలి? ఉంచితే ఏమవుతుంది?’ అని. ఎక్స్‌రే మీద చూపించమనండి. ఓపిగ్గా చెప్పే డాక్టరుకు ఈ ప్రశ్న కోపం తెప్పించదు. ‘అన్నీ తీసేస్తేనే శుభ్రం’ అనేది ఒక్కటే జవాబైతే ఇంకో చోట చూపించుకోండి. పాతబస్తీ వాళ్లకు అందుకు దూరం వెళ్లాల్సిన పని లేదు. మదీనా దాటి, మూసీ వంతెన దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి దగ్గరే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. క్యూలో నిలబడాలి, ఒక పూట పోతుంది. లక్షలు పెట్టే ముందు ఒక పూట పోతే పోయేదేం లేదు. నగరంలోని ప్రైవేటు డెంటల్ కాలేజీల ఆస్పత్రుల్లోనూ రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

రెండో ప్రశ్న: ఒళ్లు సిద్ధంగా ఉందా?

వయసు అడ్డు కాదు. 75 ఏళ్ల మనిషికి ఆరోగ్యం అదుపులో ఉంటే ఇంప్లాంట్లు పెట్టవచ్చు. 50 ఏళ్ల మనిషికి షుగర్ అదుపు తప్పి, పొగాకు అలవాటు ఉంటే ఆగాల్సి రావచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు ఆ ఉదయం చూసుకున్న రీడింగ్‌ను నమ్ముకోవద్దు. గత మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. అది ఎక్కువగా ఉంటే ముందు షుగర్ డాక్టరును కలవండి. పళ్ల పని రెండు మూడు నెలలు ఆగినా నష్టం లేదు. షుగర్ అదుపులో లేకపోతే పుండు ఆలస్యంగా మానుతుంది, ఇన్ఫెక్షన్ త్వరగా వస్తుంది, ఎముక పట్టడమూ కష్టమవుతుంది.

గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్లు వాటిని సొంతంగా ఆపకూడదు. ‘పన్ను తీయించుకోవడానికి మాత్ర ఆపేశాను’ అని చెప్పేవాళ్లు కనబడుతుంటారు. అది పంటి కంటే పెద్ద ప్రమాదం. ఆపాలా, కొనసాగించాలా అన్నది గుండె డాక్టరు, పళ్ల డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి.

ఎముకలు గుల్లబారాయని వారానికో మాత్రో, ఏడాదికో ఇంజెక్షనో తీసుకునే అమ్మలు చాలామంది ఉన్నారు. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటి మందులవి. వీటిని వాడేవాళ్లలో కొద్దిమందికి పన్ను తీశాకో, దవడలో శస్త్రచికిత్స చేశాకో ఆ చోట ఎముక మానకుండా చచ్చుబడిపోయే ప్రమాదం ఉంది. క్యాన్సర్‌కు ఎక్కువ మోతాదులో ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. తల, మెడ భాగంలో రేడియేషన్ తీసుకున్నవాళ్లూ ఆ సంగతి దాచకూడదు. మోకాళ్ల మందులకూ పళ్లకూ సంబంధమేంటని ఊరుకోకుండా, వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని క్లినిక్‌కు తీసుకెళ్లండి.

ఇక పొగాకు. సిగరెట్, బీడీ తాగేవాళ్లలో ఇంప్లాంట్ విఫలమయ్యే ముప్పు తాగనివాళ్ల కంటే దాదాపు రెట్టింపు. జర్దా పాన్, గుట్కా నమిలేవాళ్లకు ఇంకో సమస్య ఉంది. నోటి లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోదు. ఇంట్లోనే చూసుకోవచ్చు. మీ మూడు వేళ్లు కలిపి నిలువుగా ముందు పళ్ల మధ్య పెట్టండి. మూడు పట్టకపోతే ఇంప్లాంట్ల సంగతి తర్వాత, ముందు ఆ నోటిని డాక్టరుకు చూపించాలి. అలాంటి పొర క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది కాబట్టి. నోట్లో తెల్లమచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా అంతే.

మూడో ప్రశ్న: ఎన్ని, దేనికోసం?

పళ్లు పూర్తిగా పోయినవారి ముందు ఒక్క దారి లేదు, మూడు నాలుగున్నాయి. ప్రకటనల్లో కనిపించేది మాత్రం అన్నిటికంటే ఖరీదైనదే.

మొదటిది మామూలు పళ్ల సెట్టు. తీసి పెట్టుకునేది. దీన్ని చిన్నచూపు చూడకండి. శ్రద్ధగా కొలతలు తీసి చేస్తే పై సెట్టు అంగిలికి అతుక్కుని బాగానే నిలుస్తుంది. ఇబ్బందంతా కింది సెట్టుతో. పట్టుకోవడానికి అక్కడ అంగిలి లేదు, నాలుక కదిలినప్పుడల్లా అది లేస్తుంది. పైగా పళ్లు పోయాక ఎముక అరిగిపోతూ ఉంటుంది. పై దవడతో పోలిస్తే కింది దవడ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ అరుగుతుంది. అందుకే మొదట్లో సరిపోయిన సెట్టు కొన్నేళ్లకు వదులై డబ్బాలోకి చేరుతుంది.

రెండోది, ప్రకటనల్లో కనబడనిది, మధ్యతరగతి కుటుంబాలు ముందు అడగాల్సినది. కింది దవడ ముందు భాగంలో రెండే రెండు ఇంప్లాంట్లు పెట్టి, కింది సెట్టును వాటికి టిచ్ బటన్లలా తగిలించడం. రాత్రి తీసి కడుక్కోవచ్చు, పగలు నమిలేటప్పుడు లేవదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్లు పూర్తిగా లేని కింది దవడకు మామూలు సెట్టు కాదు, ఈ రెండు ఇంప్లాంట్ల సెట్టే మొదటి ఎంపిక కావాలని తేల్చిచెప్పారు. ఏడాదికో, రెండేళ్లకో ఆ బటన్లలోని నైలాన్ వలయాలు మార్చాలి. అది చిన్న ఖర్చు. పై దవడకు మామూలు సెట్టు, కింద ఇది... చాలామంది అమ్మలకు ఇంతకుమించి అవసరం పడదు.

మూడోది, నాలుగు ఇంప్లాంట్ల మీద కదలకుండా బిగించే పళ్ల వరుస. ఆల్ ఆన్ ఫోర్ అంటున్నది దీన్నే. పోర్చుగల్ దంత వైద్యుడు పాలో మాలో 1990ల్లో దీనికి రూపమిచ్చారు. ముందు రెండు నిటారుగా, వెనక రెండు ఏటవాలుగా పెడతారు. అలా వాల్చడం వల్ల పై దవడలో సైనస్‌ను, కింది దవడలో నరాన్ని తప్పించుకోవచ్చు, చాలాసార్లు ఎముక కలపాల్సిన పని ఉండదు. నాలుగోది, ఎముక బాగున్న చోట ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఇంప్లాంట్ల మీద బిగించే వరుస. నాలుగింటిలో ఒకటి విఫలమైతే పై కట్టడం మొత్తం ఇబ్బందిలో పడుతుంది. ఆరింటిలో ఒకటి పోతే నెట్టుకురావడానికి కొంత వీలుంటుంది. పై దవడ ఎముక మెత్తన కాబట్టి అక్కడ ఎక్కువ ఇంప్లాంట్లు పెట్టేవాళ్లున్నారు. అంతేగానీ పన్నుకొక ఇంప్లాంట్ అక్కర్లేదు.

మరి మీకేది? దీనికి జవాబు మూడు విషయాల్లో ఉంటుంది. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్‌లో కనిపించే ఎముక ఎత్తు, మందం. చేతులు వణకకుండా రోజూ శుభ్రం చేసుకోగల శక్తి. మీ జేబు. కదలని పళ్లు గొప్పవే, కానీ వాటి కింద ప్రత్యేకమైన బ్రష్‌తో రోజూ శుభ్రం చేయాలి. కీళ్లనొప్పులతో వేళ్లు వంగని అమ్మకు తీసి కడుక్కునే సెట్టే సుఖం. ఈ మాట క్లినిక్‌లో ఎవరూ అడగరు. ఇంట్లో మీరే అడగాలి, అదీ అమ్మనే. పిల్లల ముచ్చట కోసం ఆమె నోట్లో పళ్లు పెట్టకూడదు. తీసి పెట్టుకోవడం ఆమెకు నామోషీగా ఉందా, లేక శుభ్రం చేసుకోవడమే కష్టమా, చెప్పనివ్వండి.

‘మూడు రోజుల్లో’ అంటే?

ఈ మాటలో అబద్ధం లేదు, కానీ పూర్తి నిజమూ లేదు. ఇంప్లాంట్లు ఎముకలో మొదటిరోజే బిగుతుగా కూర్చుంటే కొన్ని రోజుల్లోనే వాటి మీద పళ్లు బిగించవచ్చు. దానికి వైద్యశాస్త్రంలో ఆధారం ఉంది. ఆ బిగుతు అందరికీ రాదు. రానప్పుడు మూడు నుంచి ఆరు నెలలు ఆగాల్సిందే. బిగించినా, సాధారణంగా ఆ మొదటి పళ్లు తాత్కాలికమైనవి. ఎముక పట్టేదాకా మెత్తటి ఆహారమే తినాలి. ఆ తర్వాతే అసలు పళ్లు.

అందుకని సూటిగా అడగండి. ‘మూడో రోజు పెట్టేవి తాత్కాలికమా, శాశ్వతమా? శాశ్వతమైనవి ఎప్పుడు? వాటి ఖర్చు ఇందులోనే ఉందా?’ ఎముక తక్కువుందని చెంప ఎముకలోకి దించే పొడవాటి ఇంప్లాంట్లు కావాలంటే, అది అందరు దంత వైద్యులూ చేసే పని కాదు. అలాంటివి ఎన్ని చేశారో, ఇంకో దారి ఏముందో తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

నాలుగో ప్రశ్న: ఎవరు, ఎంత?

మన దేశంలో ఎండీఎస్‌లో ఇంప్లాంట్లకంటూ విడిగా ఒక శాఖ లేదు. కట్టుడు పళ్లు చూసే ప్రోస్థోడాంటిస్టు, చిగుళ్లు చూసే పీరియోడాంటిస్టు, దవడ శస్త్రచికిత్స చేసే ఓరల్ సర్జన్... ముగ్గురూ ఇంప్లాంట్లు పెడతారు. శిక్షణ తీసుకున్న బీడీఎస్ డాక్టర్లూ పెడతారు. నోరంతా పళ్లు కావాలంటే పైన పళ్ల అమరికను ప్లాన్ చేసేవాళ్లు, కింద ఇంప్లాంట్ పెట్టేవాళ్లు మొదటిరోజు నుంచే కలిసి చూస్తే మంచిది. పళ్లు ఎక్కడ రావాలో తేలాకే ఇంప్లాంట్ ఎక్కడో తేలాలి. డాక్టరుకు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడటం మీ హక్కు. సందులో పళ్లు కట్టేవాళ్లు, చదువు లేకుండా అనుభవంతో చేస్తామనేవాళ్లు ఎంత చవకైనా వద్దు. అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా పళ్ల వైద్యం చేయడం చట్టరీత్యా నేరం.

కంపెనీ సంగతి. స్వీడన్, స్విట్జర్లాండ్, కొరియా, ఇజ్రాయెల్‌లవీ, మన దేశంలో తయారైనవీ అన్నీ దొరుకుతున్నాయి. పేరు కంటే రెండు విషయాలు ముఖ్యం. ఆ ఇంప్లాంట్‌పై ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలు ఉన్నాయా? పదేళ్ల తర్వాత దాని స్క్రూ విరిగితే విడిభాగం దొరుకుతుందా? ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరుతో స్టిక్కర్ ఉంటుంది. పెట్టిన ప్రతి ఇంప్లాంట్ స్టిక్కర్‌నూ మీ ఫైల్లో అంటించి ఇమ్మని అడగండి. రేపు మీరు అబ్బాయి దగ్గరికి బెంగళూరో, అమెరికానో వెళ్లినప్పుడు స్క్రూ వదులైతే, అక్కడి డాక్టరుకు ఆ కాగితమే దారి చూపుతుంది.

పైన పెట్టే పళ్లలోనూ తేడాలున్నాయి. లోహపు చట్రం మీద అక్రిలిక్ పళ్లు చవక, ఒకటి విరిగితే బాగుచేయవచ్చు, కాకపోతే అరుగుతాయి. జిర్కోనియా గట్టిది, అందంగా ఉంటుంది, ఖరీదెక్కువ. పగిలితే మరమ్మతు కష్టం. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుంటే ముందే చెప్పండి.

ఇక ధర. ప్రకటనలో ‘ఒక్క ఇంప్లాంట్ ఇంతే’ అని ఉండేది ఒక్కోసారి మర ధర మాత్రమే. నోరంతా చేయడానికి స్కాన్, పళ్లు తీయడం, ఎముక కలపడం, ఇంప్లాంట్లు, పైన జోడించే భాగాలు, తాత్కాలిక పళ్లు, శాశ్వత పళ్లు అన్నీ ఉంటాయి. ఒక్కో దానికి ధర విడిగా రాసిన కాగితం తీసుకోండి. ‘ఒక ఇంప్లాంట్ పట్టకపోతే మళ్లీ పెట్టడానికి డబ్బు తీసుకుంటారా?’ అన్నది కూడా రాయించుకోండి. ‘జీవితకాల గ్యారంటీ’ అంటే సాధారణంగా లోహానికే, మీ ఎముకకు కాదు. ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల వైద్యానికి డబ్బివ్వవు. పాలసీ ఒకసారి చదువుకోండి. వాయిదాల్లో కట్టేటప్పుడు వడ్డీ, ప్రాసెసింగ్ రుసుము ఎంతో చూడండి. మధ్యలో వైద్యం ఆగితే ఆ అప్పు ఏమవుతుందో అడగండి.

డబ్బు కట్టి చేయించుకునే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రసీదులు, స్కాన్లు, అంగీకార పత్రం నకలు దాచుకుంటే అవసరమైన రోజున జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు. ఆ అవసరం రాకూడదనే ఇన్ని ప్రశ్నలు.

పెట్టించాక మొదలయ్యే పని

ఇంప్లాంట్‌కు పుచ్చు రాదు. అందుకే చాలామంది ఇక దిగులు లేదనుకుంటారు. పుచ్చు రాదు గానీ చిగుళ్ల జబ్బు వస్తుంది. నొప్పి లేకుండా వస్తుంది, చుట్టూ ఎముకను తినేస్తుంది. రక్తం కారడం, చీము, దుర్వాసన, నమిలేటప్పుడు కదిలినట్టు అనిపించడం... ఏది కనబడినా వెంటనే వెళ్లాలి. ఏమీ లేకపోయినా ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. మెత్తటి బ్రష్, పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్, వీలైతే నీటి ధారతో కడిగే పరికరం వాడాలి. వేల మంది మీద చేసిన పరిశీలనల్లో పదేళ్ల తర్వాత కూడా వంద ఇంప్లాంట్లలో తొంభైకి పైగా నిలిచే ఉన్నాయి. ఆ తొంభైలో ఉండటం చాలావరకు ఈ చిన్న పనుల మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రభుత్వం చూడాల్సింది

ఇదంతా డబ్బు సమకూర్చుకోగల కుటుంబాల సంగతి. అదే గల్లీలో సమకూర్చుకోలేనివాళ్లూ ఉన్నారు. చూపు మందగించిన పెద్దలకు కళ్లద్దాలు ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన ‘కంటి వెలుగు’ గుర్తించింది. చూపు ఎంత అవసరమో నమలడమూ అంతే అవసరం. పేద వృద్ధులకు ఉచితంగా పళ్ల సెట్లు ఇవ్వడానికి కేరళ ‘మందహాసం’, కర్ణాటక ‘దంతభాగ్య’ పథకాలు తెచ్చాయి. మన దగ్గర అఫ్జల్‌గంజ్‌లో కాలేజీ ఉంది, చేయగల డాక్టర్లున్నారు. పళ్లు పూర్తిగా పోయిన పేద వృద్ధులకు ఉచితంగా మంచి సెట్టు, అవసరమైనవారికి కింది దవడలో ఆ రెండు ఇంప్లాంట్లు... ఇంత చేయడం అసాధ్యం కాదు. సర్కారు ఆలోచించాలి.

అంతవరకు మీ ఇంటి నిర్ణయం మీ చేతుల్లో ఉంది. ఈ ఆదివారం అమ్మ పక్కన కూర్చుని, ఏం తినాలనుందో అడగండి. ఆమె మందుల చీటీలన్నీ ఒక కవర్లో పెట్టండి. ఇద్దరు డాక్టర్ల మాట వినండి. ఒకరు పన్నెండు ఇంప్లాంట్లు అని, మరొకరు రెండు చాలని అంటే ఎందుకు అని ఇద్దరినీ అడగండి. ‘ఈరోజే అడ్వాన్స్ కడితే తగ్గింపు’ అన్నచోట లేచి రండి.

తొందరేం లేదు. సంక్రాంతి ఏటా వస్తుంది. వచ్చే సంక్రాంతికి కాకపోతే ఆపై ఏడు, ఆమె చుట్టిన సకినం ఆమే కొరికి తిననివ్వండి. ఆ కరకర వినడానికి ఒక ఏడాది ఆగినా తప్పులేదు.